స్థలపురాణమా, నీకు దండం

తల్లీ స్థలపురాణమా, ముందుగా నీ జ్ఞాపకశక్తికి దండం. నెల్లూరు జిల్లా విడవలూరు దాటి రామతీర్థం చేరితే, సముద్రపు ఒడ్డున రామలింగేశ్వరుడి గుడి దగ్గర నువ్వే ఎదురొస్తావు. లంక నుంచి తిరిగొస్తూ రాముడు ఇక్కడ ఆగాడని, ఈ ఇసుకనే ముద్దచేసి లింగం నిలిపాడని చెబుతావు. అది త్రేతాయుగం మాట. ఆ యుగం పోయి, ద్వాపరం వచ్చి, అదీ పోయింది. అయినా రాముడి అరచేతికి అంటిన ఇసుక ఏ రేవుదో నువ్వు మరిచిపోలేదు. అదే గుడికి మొదటి రాతిగోడ ఎత్తిన మేస్త్రీ పేరు నీకు గుర్తులేదు. గర్భగుడికి రాయి మోసిన కూలీలు ఏ ఊరివాళ్లో గుర్తులేదు. దగ్గరివి మసకేసి, దూరం పోయేకొద్దీ తేటపడే చూపు నీది. ఇలాంటి చూపు మరే విద్యకూ లేదు.

తీరం వెంట దక్షిణానికి పోతే కృష్ణపట్నం. ఇప్పుడక్కడ బొగ్గు ఓడలు దిగుతున్నాయి. 13వ శతాబ్దంలో ఆ రేవుకు కొల్లిత్తురై అని పేరు, గండగోపాలపట్టణమని మరో పేరు. అక్కడి తమిళ శాసనం ఒకటి ఆనాటి లెక్క చెబుతుంది. నానా దేశాల వర్తకులు కూడి, రేవులో ఎక్కే సరుకు మీదా దిగే సరుకు మీదా గుడికి ఇంతని ఇచ్చుకుంటామని ఒప్పుకున్నారు. ఆ దేవుడి పేరు మనుమసిద్ధీశ్వరుడు. నెల్లూరేలిన తెలుగు చోడరాజు పేరే దేవుడికి పెట్టారన్నమాట. ఎవరి పేరున, ఏ కాలంలో, ఎవరి సొమ్ముతో అన్న మూడు ప్రశ్నలకూ ఆ రాయి జవాబు చెబుతుంది. కానీ దాని దగ్గర ఆగేవాళ్లు లేరు. ఆగినా ఆ లిపి రాదు. నువ్వు అలా కాదు. అక్షరం రాని ముసలమ్మకు కూడా అందుతావు. గుడిమెట్టు మీద కూర్చున్న పిల్లవాడికి ఒక్కసారి చెబితే జన్మంతా మరవడు. రాతికి చేతకానిది నీ నోటికి చేతనైంది. ఏడువందల ఏళ్లకు పైగా రాయి నిజం చెబుతూనే ఉంది. జనం విన్నది నిన్ను.

నీ విశాల హృదయానికి ఇంకో దండం. నెల్లూరు మూలాపేటలో మూలస్థానేశ్వరుడి కథ నువ్వు చెప్పేదే. ముక్కంటిరెడ్డి మందలో ఒక ఆవు ఉసిరిచెట్టు కింద రాతిమీద పాలు ధార విడుస్తుంటే కాపరి చూశాడు, గొడ్డలేశాడు, రాతినుంచి నెత్తురొచ్చింది, రాజుకు కల వచ్చింది, గుడి వెలిసింది. ఈ ముక్కంటి ఎవరు? పల్లవ త్రిలోచనుడని, ముక్కంటి కాడువెట్టి అని తెలుగు దేశమంతటా కైఫీయతులనే ఊరి చరిత్రలు చెప్పే రాజు ఇతనే. ఎన్ని ఊళ్లలో గుడి కట్టించాడో, ఎందరు బ్రాహ్మణులను అహిచ్ఛత్రం నుంచి తెచ్చి అగ్రహారాలిచ్చాడో లెక్కలేదు. ఎక్కడ మూలం తెలియకపోతే అక్కడ అతనే మూలపురుషుడు. అదే నెల్లూరును ఏలిన తెలుగు చోడులు తమ ప్రశస్తిలో ఏం రాయించుకున్నారు? తమ వంశకర్త కరికాలచోళుడు కావేరికి గట్టు వేయిస్తుంటే త్రిలోచనుడు రాలేదని, అప్పుడు కరికాలుడు అతని మూడో కన్నును కాలితో చెరిపేశాడని. ఒకే ఊరు. గుడిలో ముక్కంటి పుణ్యాత్ముడు, కోటలో ముక్కంటి పరాజితుడు. రెండు మాటలూ నీవే, ఏ ఒక్కదాన్నీ నువ్వు వదులుకోలేదు. ఒకటి నిజమైతే రెండోది ఏమవుతుందని నిన్నెవరూ అడగలేదు. అడగనివ్వని ఆప్యాయత నీది.

పెన్న వెంట నీ పనితనం మరీ గొప్పది. వేదగిరి మీద కశ్యపుడు యాగం చేశాడు, మూడు హోమగుండాల్లోని అగ్నుల వెలుగు మూడు చోట్ల నిలిచిందన్నావు. నెల్లూరులో తల్పగిరి రంగనాథుడు, నరసింహకొండ మీద స్వామి, జొన్నవాడలో మల్లికార్జునుడు. ఇద్దరు వైష్ణవ దేవుళ్లు, ఒక శివుడు. శైవులూ వైష్ణవులూ ఒకరి గడప ఒకరు తొక్కని రోజులున్న దేశంలో, ఒకే యజ్ఞంలోంచి వెలిసిన అన్నదమ్ములని ముగ్గురినీ కలిపావు. ఇది మంచి పని. ఏ శాసనమూ, ఏ రాజాజ్ఞా చేయలేని సంధి. అబద్ధం అనదలచినవాడు కూడా ఇక్కడ ఒక క్షణం ఆగాలి.

అసలు నిన్ను అబద్ధం అనవచ్చా? పెద్దగా చదువుకున్నవాళ్లు తొందరపడి అనేస్తారు. నేననను. జరగనిది చెప్పడం ఒకటి, జరగలేదని తెలిసీ జరిగిందనడం మరొకటి. అమ్మమ్మ తన అమ్మమ్మ నుంచి విన్న కథను మనసా నమ్మి మనవడికి చెబితే అందులో పొరపాటు ఉండవచ్చు, మోసం లేదు. పూజారి హారతిపళ్లెం చేత్తో పట్టుకుని చెప్పేదీ అంతే. అతని తండ్రి చెప్పాడు, అతను నమ్మాడు. ఇంతవరకు నువ్వు నిర్దోషివి.

అబద్ధం ఎక్కడ మొదలవుతుందో నెల్లూరువాళ్లకు ఎవరో బయటివాళ్లు వచ్చి చెప్పక్కర్లేదు. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు, అందులో ద్రోణపర్వం ఒకటి. అశ్వత్థామ చచ్చాడన్న మాట ధర్మరాజు పైకి అన్నాడు, చచ్చింది ఏనుగన్న మాట లోగొంతులో అన్నాడు. అక్షరాలు చూస్తే అందులో అసత్యం లేదు. అయినా నేలను తాకకుండా నడిచే అతని రథం కిందికి దిగిపోయింది. తప్పు గొంతు తగ్గించడంలో ఉంది. తెలిసినవాడు ఏది గట్టిగా చెప్పాడు, ఏది నీళ్లు నమిలాడు అన్నదే కొలత. ఆ కొలతతో చూస్తే, తల్లీ, నిన్ను నమ్మినవాళ్లలో తప్పు లేదు. నిన్ను వాడుకున్నవాళ్ల విషయంలోనే నా పొగడ్త బరువెక్కుతోంది.

నీ వినయాన్ని చూడు. నువ్వు ఊళ్లో పుట్టి కూడా సొంత పేరు చెప్పుకోవు. స్కాందపురాణంలోనిదాన్నని, బ్రహ్మాండపురాణంలోనిదాన్నని అంటావు. ఏ మాహాత్మ్యం తెరిచినా మొదట్లోనో చివర్లోనో ఆ మాట ఉంటుంది. నేపాల్‌లో దొరికిన తాటాకు ప్రతి ఒకటి సామాన్యశకం 810 నాటిది, అందులో స్కాందపురాణం పాతరూపం ఉంది. మన ఊళ్ల పేరున చలామణీ అయ్యే ఆ అధ్యాయాలు ఆ ప్రతిలో వెతికితే కనిపించవు. అవి తరవాతి శతాబ్దాల్లో ఒక్కో క్షేత్రం వద్ద ఒక్కో పండితుడు రాసి చేర్చినవి. వాళ్లంతా తమ పేరు దాచుకుని వ్యాసుడి పేరు పెట్టారు. తన కీర్తిని పరుడికిచ్చే త్యాగం లోకంలో అరుదు. ఆ త్యాగం వల్ల ఊరికి దక్కిందేమిటంటే, నాలుగువందల ఏళ్ల కింద ఎవరో రాసిన మాటను ప్రశ్నించినా వ్యాసుణ్ణి ప్రశ్నించినట్టే అయింది.

భూమి దగ్గరికి వస్తే నీ బలం ఇంకా తెలుస్తుంది. మెకంజీ దొర మనుషులు, కావలి బొర్రయ్య వంటివాళ్లు, 18వ శతాబ్దం చివర నుంచీ ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. కరణాలు చెప్పింది ఒకే బిగువున సాగుతుంది. మొదట యుగాల కథ, తరవాత ముక్కంటి, ఆ తరవాత ఫలానా రాజు ఇచ్చిన మాన్యం, దాని హద్దులు. కథ ఎక్కడ ఆగిందో, పొలం ఎక్కడ మొదలైందో కనిపెట్టడం కష్టం. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను వేసి ఎవరి మాన్యానికి ఏ ఆధారమని అడిగినప్పుడు, పాతదనమే హక్కు అయింది. కన్నడ దేశంలో అంతకు ముందే పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు ఇచ్చాడంటూ రాగిరేకులే పుట్టాయి. చదివి చూస్తే భాషా లిపీ పాండవుల మునిమనవడి కాలానివి కావు. శాసనాలు చదివే పండితులు వాటిని కూటశాసనాలన్నారు. ఇలాంటి వాటిని ఏరి ఫ్లీట్ దొర పెద్ద జాబితాయే వేశాడు. ఇక్కడ అమ్మమ్మ లేదు, విని నమ్మడం లేదు. సుత్తి, ఉలి, రాగిరేకు, పక్కన కూర్చుని పాతలిపిలా కనపడేటట్టు చెక్కించిన మనిషి ఉన్నారు. ఆ మనిషికి నిజం తెలుసు.

ఇది మనవాళ్ల సొత్తే అనుకోవద్దు. రోమాపురిలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పడమటి దేశాల అధికారమంతా పోపుకు దానమిచ్చాడని ఒక పత్రం ఉండేది. వందల ఏళ్లు దాన్ని చూపించి రాజుల్ని నిలదీశారు. 1440లో లొరెంజో వల్లా అనే పండితుడు అందులోని లాటిన్ మాటలు చక్రవర్తి కాలానివి కావని ఒక్కొక్కటిగా చూపించాడు. ఆ పత్రం 8వ శతాబ్దంలో పుట్టిందని ఇప్పుడందరూ ఒప్పుకున్నారు. క్రీస్తు మీద నమ్మకం దానితో కూలిపోలేదు. కూలింది దస్తావేజు ఒక్కటే.

నీ తోబుట్టువుల్నీ తలచుకోవాలి. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా ఉంది. పన్నెండుమంది వీరులు గండవరం యుద్ధంలో తలలు తెగి పడితే, మొండేలను గుర్రాలు ఇక్కడికి మోసుకొచ్చాయని కథ. నవాబు భార్య జబ్బు ఈ సమాధుల మట్టితో నయమైందని, ఆ సంగతి మొదట ఒక చాకలి దంపతులకు కలలో తెలిసిందని ఇంకో కథ. మొహర్రం రోజుల్లో జనం చెరువులో దిగి ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. 2015లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. తలలేని గుర్రపురౌతులు నిజమా అని అక్కడ నీళ్లలో నిలబడ్డ ఎవరినీ అడగబుద్ధి కాదు. హిందూ ముసల్మాను తేడా లేకుండా చేతులు మారే రొట్టెకు ఆ కథ ఎంత వెనక్కి పోతుందన్న సాక్ష్యం అక్కర్లేదు. నిన్ను ఎంత తేలిగ్గా మోయవచ్చో ఆ చెరువు చూపిస్తుంది. ఆ కథలో చాకలామె పేరు మాత్రం నాకెవరూ చెప్పలేదు.

నీకు క్రైస్తవుల్లోనూ ఒక తోబుట్టువు ఉంది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒక కొండ మీద ప్రార్థించారు. ఆ ప్రార్థన ఫలించి 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని మిషను కథ. ప్రార్థన జరిగిన మాట నిజం, బాప్తిస్మాల మాట నిజం. ఆ రెండింటి మధ్య 1876 నుంచి 78 దాకా సాగిన ధాత కరువు ఉంది. ఆకలితో చచ్చిపోతున్నవాళ్లకు పని చూపించడానికి అదే మిషనులోని క్లౌ దొర మన తీరం వెంట బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. దొరతో సమానంగా ఊరూరా నడిచి మాదిగపల్లెలకు ఆ మతం మోసుకుపోయిన ఎర్రగుంట్ల పేరయ్య కూడా ఉన్నాడు. క్లౌ తన పుస్తకంలో కాలువ సంగతి దాచలేదు, అందుకు అతనికి నిజంగా దండం పెట్టాలి. కానీ పండుగనాటి ప్రసంగాల్లో కొండ పైకొస్తుంది, కాలువ కిందికి పోతుంది. అక్కడ కూడా ధర్మరాజు గొంతే.

ఇటీవల నువ్వు ఇంకో మెట్టెక్కావు. తిరుమల తిరుపతి దేవస్థానం 2020 డిసెంబరులో పండితుల కమిటీ వేసింది. 2021 ఏప్రిల్ 21, శ్రీరామనవమి నాడు, తిరుమలలోని అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని ప్రకటించింది. పౌరాణిక, వాఙ్మయ, శాసన, భౌగోళిక ఆధారాలున్నాయన్నారు. హంపీ దగ్గర ఆనెగొంది అంజనాద్రివాళ్లు ఒప్పుకోలేదు. మే నెలలో తిరుపతిలో చర్చ జరిగింది, ఎవరి మాట వారిదే అయింది. గోకర్ణంవాళ్లకు, నాసిక్ దగ్గర అంజనేరివాళ్లకు కూడా తమ తమ హనుమంతులున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆకాశగంగ దగ్గర భూమిపూజ అయింది.

ఈ సంగతిలో నిన్ను మెచ్చుకోక తప్పదు. వెయ్యేళ్లుగా నీకు ఎవరి ధ్రువపత్రమూ అక్కర్లేదు. నాలుగు కొండలు నలుగురు హనుమంతుల్ని కన్నా ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది భక్తి లెక్క. ఇప్పుడు నువ్వే ముందుకొచ్చి చరిత్ర పరీక్షకు కూర్చున్నావు. అక్షాంశాలు రేఖాంశాలు అడిగేవాళ్ల ముందు నిలబడ్డావు. ఇంత ధైర్యం నీకెక్కడిది? ఒకసారి ఆ పరీక్షకు కూర్చున్నాక మరి లేవకూడదు. శాసన ఆధారం ఉందంటే, ఆ శాసనం ఏ శతాబ్దానిదని అడుగుతారు. అది హనుమంతుడు పుట్టిన శతాబ్దానిదా, అతను ఇక్కడ పుట్టాడని ఎవరో నమ్మిన శతాబ్దానిదా అని అడుగుతారు. రెండోదే అని కమిటీలోని పండితులకు తెలియదా? తెలుసు. వాళ్లు నిజంగా చదువుకున్నవాళ్లు. నమ్మకం ఎంత పాతదో చూపించి, జరిగింది అంత పాతదని వినపడేలా చెప్పడం చదువురానివాళ్లు చేయగల పని కాదు.

ఇక నా అసలు బాధ. నీ గొప్పతనమంతా చెప్పాక ఇది చెప్పకపోతే నేనూ గొంతు తగ్గించినవాణ్ణే. నువ్వు దేవుళ్ల పుట్టుక చెప్పావు, మునుల తపస్సు చెప్పావు, ఆవుకు కూడా కథలో చోటిచ్చావు. గుడి కట్టిన చేతులకు చోటివ్వలేదు. ఈ తీరపు పట్టపువాళ్లు తరతరాలుగా సముద్రం మీదికి పోతూ నీ దేవుడికి మొక్కారు. శ్రీహరికోట అడవుల్లో యానాదులు నీ క్షేత్రాల చుట్టూ బతికారు. రాముడు ఇక్కడ ఆగాడు అన్నప్పుడు, ఆయన ఆగిన రేవులో వల ఎవరు వేస్తున్నారన్న మాట నీకు పట్టలేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా మాలమాదిగలు ఎన్నో గుళ్లలో గడప బయటే ఉన్నారు. గడప లోపల నువ్వు అదే దేవుడు అందరి తండ్రి అని చెబుతూ ఉన్నావు. ఏ స్థలపురాణ పుస్తకంలోనైనా, ఏ బోర్డు మీదైనా ఈ చట్టం పేరు ఉందా? త్రేతాయుగం ఉంది, 1947 లేదు. సుదూర మూలాన్ని ఇంత గట్టిగా పట్టుకునేది దగ్గరి మూలం కనపడకూడదనేనా అన్న అనుమానం నాకుంది, దాన్ని నేను దాచను.

రాయి ఏమవుతోందో కూడా చెప్పాలి. ఐ.సి.ఎస్. అధికారి అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తాలూకా వారీగా, ఊరు వారీగా, ఏ గుడిలో ఏ గోడ మీద ఏముందో రాశారు. దీపానికి ఎన్ని ఆవులిచ్చారు, ఏ మడి ఎవరికి రాసిచ్చారు అన్నీ ఉన్నాయి. మన జిల్లా గుళ్ల జాతకాలు ఆ మూడు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ తరవాత జీర్ణోద్ధరణ పేరున దక్షిణాదిన ఎన్ని గోడలకు సున్నం పట్టించారో, ఎన్నింటిని ఇసుక కొట్టి నునుపు చేశారో, ఎన్ని శాసనపు రాళ్లు మెట్లుగా మారాయో శాసనాలు చూసేవాళ్లను అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అక్షరం చెరిగిన గోడమీదే నీ కథ రంగులతో రాస్తున్నారు. చెరిపింది నువ్వు కాదు, తల్లీ. కానీ నువ్వున్నావన్న ధీమాతోనే చెరిపారు.

కాబట్టి నా స్తుతిలో చివరి మాట ఇది. నువ్వు అబద్ధానివి కావు. అబద్ధం చెప్పాలనుకున్నవాడికి నీకన్నా మంచి నీడ దొరకదు. నిన్ను నమ్మే కోట్లమంది నిజాయితీ, వాడి చేతిలో కవచమైంది. నువ్వు గొప్పదానివి కనుకనే నిన్ను అడుగుతున్నాను, బలహీనమైనదాన్ని అయితే అడిగేవాణ్ణి కాను. రామతీర్థంలో రాముడి ఇసుకలింగం కథ నువ్వే చెప్పు, ఎవరూ అడ్డుకోరు. దాని పక్కనే ఇంకో బోర్డుకు చోటివ్వు. దేవాదాయ శాఖవాళ్లు, ఆలయ కమిటీవాళ్లు తలచుకుంటే ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. గోడ మీద ఏ శాసనం ఉంది, ఏ శతాబ్దానిది, ఏ భాషలో ఉంది, ఎవరు ఏం ఇచ్చారు, దాని తెలుగు అర్థమేమిటి, ఈ గుడి తలుపులు ఏ ఏడాది అందరికీ తెరుచుకున్నాయి. కథకు ఎంత పెద్ద అక్షరాలు పెడితే దీనికీ అంతే పెద్దవి పెట్టాలి. కృష్ణపట్నంతో మొదలుపెట్టవచ్చు, అక్కడ రాయవలసిన మాటలు ఇప్పటికే రాతిమీద ఉన్నాయి.